కీటో మొదలెట్టాక పొట్ట ఎందుకు మొరాయిస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే గూటివి. కీటో అంటూ కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) మానేసి కొవ్వు పెంచిన మొదటి రెండు మూడు వారాల్లో కొందరికి మోషన్ ఆగిపోయింది, కొందరికి ఎంతకీ ఆగడం లేదు. ఇద్దరికీ చుట్టుపక్కల వాళ్లు చెప్పే మాట ఒక్కటే: "ఒంటికి అలవాటు కావాలి, ఓపిక పట్టండి." ఓపిక పట్టాల్సినవి కొన్ని ఉన్న మాట నిజమే. పట్టకూడనివీ ఉన్నాయి.

ప్రశ్న: కీటో మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది. గుడ్లు, చికెన్, చీజ్, వెన్న... రోజూ ఇవే. రెండు కిలోలు తగ్గాను, సంతోషమే. కానీ నాలుగు రోజులుగా మోషన్ లేదు. అంతకుముందు వెళ్లినప్పుడు కూడా గట్టిగా ఉండలుండలుగా వచ్చింది. కూరగాయలు తింటే కార్బ్స్ పెరుగుతాయని మానేశాను. ఏం చెయ్యాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన నాలుగు పదార్థాల్లో పీచు ఎంతుందో కూడితే వచ్చేది సున్నా. పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. ధాన్యాలు, పప్పులు, పండ్లు మానేసినప్పుడు కార్బ్స్‌తో పాటు పీచూ పోయింది. కూరగాయలు కూడా మానేసి ఉన్న కాస్త దారినీ మూసేశారు.

రెండో కారణం నీళ్లు. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే చక్కెర రూపమైన గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. కార్బ్స్ ఆగగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీళ్లు మూత్రంలో పోతాయి. ఇన్సులిన్ తగ్గడంతో కిడ్నీలు ఉప్పును కూడా మామూలుకంటే ఎక్కువగా వదిలేస్తాయి. మీరు తగ్గిన రెండు కిలోల్లో ఎక్కువ భాగం ఈ నీళ్లే. ఒంట్లో నీళ్లు తగ్గితే పెద్దపేగు మలంలోని తేమను పీల్చేసుకుంటుంది. ఉండలుగా వచ్చింది అందుకే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నాలుగు రోజులు బిగుసుకున్నాక ఒక్కసారిగా పీచు పొడులు మింగుతారు. నీళ్లు లేనిచోట పీచు వేస్తే అది ఇంకా గట్టిపడి కూర్చుంటుంది. ముందు లోపల ఉన్నది కదలాలి. ఈ రెండు రోజులూ మీరు తాగే నీళ్లకు అదనంగా మూడు నాలుగు గ్లాసులు తాగండి. భోజనంలో ఉప్పు తగ్గించకండి. పొద్దున తిన్న పావుగంటకు టాయిలెట్‌లో కూర్చోండి. పొట్టలో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం సహజం, ఆ సమయాన్ని వాడుకోవాలి. కాళ్ల కింద చిన్న పీట వేసుకుని మోకాళ్లు నడుముకంటే ఎత్తుగా ఉంచితే ముక్కాల్సిన పని తగ్గుతుంది. అయినా కదలకపోతే మెడికల్ షాపులో దొరికే, మలాన్ని మెత్తబరిచే మాక్రోగోల్ పొడి గానీ మలద్వారంలో పెట్టుకునే గ్లిజరిన్ సపోజిటరీ గానీ వాడొచ్చు. రాత్రిపూట మెగ్నీషియం సిట్రేట్ కూడా పనిచేస్తుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. పొట్ట బిర్రుగా ఉబ్బి, గ్యాస్ కూడా పోకుండా, వాంతులవుతుంటే ఇవేవీ వెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

దారి తెరుచుకున్నాక పీచు సంగతి. కూరగాయలు తింటే కీటో చెడుతుందన్న భయం ఎంతవరకు నిజమో ఒక రోజు లెక్కతో చూడండి. చియా గింజలు 28 గ్రాములు: పీచు 10, అది తీసేశాక మిగిలే నెట్ కార్బ్స్ 2. అవకాడో 100 గ్రాములు: పీచు దాదాపు 7, నెట్ 2. పాలకూర 200 గ్రాములు: పీచు 4కు పైనే, నెట్ 3. బాదం 28 గ్రాములు: పీచు 3.5, నెట్ 2.5. మొత్తం పీచు 24 గ్రాములు దాటింది, నెట్ కార్బ్స్ 10 లోపే ఉన్నాయి. కీటోలో సాధారణంగా పెట్టుకునే రోజుకు 20 గ్రాముల కార్బ్స్ హద్దులో ఇంకా సగం మిగిలే ఉంది. ఇదంతా మొదటిరోజే తినకండి. మూడు రోజులకోసారి 5 గ్రాముల చొప్పున పెంచుకుంటూ వెళ్లండి, లేకపోతే ఉబ్బరం వస్తుంది. చియాను పొడిగా మింగొద్దు. పెద్ద చెంచాడు గింజలను గ్లాసెడు నీళ్లలో అరగంట నానబెట్టాలి. పొడి గింజలు అన్నవాహికలో ఉబ్బి ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. ఇసబ్‌గోల్ వాడేట్టయితే మొదట చిన్న చెంచాడు, నిండు గ్లాసు నీళ్లతో. ఇతర మందులకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి.

లేబుల్ చదివేటప్పుడు ఒక జాగ్రత్త. అమెరికా పద్ధతిలో మొత్తం కార్బ్స్‌లో పీచు కలిపే ఉంటుంది, దాన్ని మీరే తీసెయ్యాలి. యూరప్ పద్ధతిలో పీచును ముందే తీసి విడిగా చూపిస్తారు. అందులోంచి మళ్లీ తీసేస్తే లెక్క తప్పి, తెలియకుండానే కార్బ్స్ ఎక్కువ తింటారు.

చివరిగా, మామూలు స్థితికి వచ్చాక కూడా మోషన్ రెండురోజులకోసారే అవుతుంటే కంగారు అక్కర్లేదు. రోజుకు మూడుసార్లు వెళ్లినా, వారానికి మూడుసార్లే వెళ్లినా మామూలు కిందే లెక్క. చూడాల్సింది గట్టిదనం, ముక్కడం, ఇంకా మిగిలిపోయిందన్న బాధ. రక్తం కనబడినా, ఈ ఇబ్బంది పదిరోజులు దాటినా డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: నాది పూర్తిగా ఎదురు బాధ. పొద్దున్నే ఖాళీ కడుపున కాఫీలో వెన్న, రెండు పెద్ద చెంచాల ఎంసీటీ నూనె కలిపి తాగుతాను. గంట తిరక్కుండానే కడుపులో మెలిపెట్టి నీళ్ల విరేచనాలు. సాయంత్రం ఒక్కోసారి మళ్లీ గ్యాస్, విరేచనాలు. తీపి మీద మనసు పోయినప్పుడు చక్కెర లేని చాక్లెట్ తింటాను, అంతే. కొవ్వు నాకు పడదా? – ఒక పాఠకుడు

జవాబు: కొవ్వు పడదని అప్పుడే తేల్చెయ్యకండి. మీ దగ్గర అనుమానితులు ఇద్దరున్నారు, ఇద్దరూ వేరువేరు వేళల్లో పట్టుబడుతున్నారు.

పొద్దుటి దోషి ఎంసీటీ నూనె. ఇందులో ఉండేవి ఎనిమిది, పది కార్బన్ల మధ్యస్థ పొడవు (మీడియం చెయిన్) కొవ్వు ఆమ్లాలు. మామూలు నూనెలా, కొవ్వును అరిగించే పైత్యరసం కోసం కాచుక్కూర్చోకుండా పేగులో చకచకా విడిపోతాయి. ఒకేసారి ఎక్కువ పడితే ఆ ముక్కలు పేగులోకి నీళ్లను లాగుతాయి. ఫలితం మెలిపెట్టడం, పరుగు. ఖాళీ కడుపు, పైగా కాఫీ కాబట్టి ఇంకా తొందరగా. రెండు పెద్ద చెంచాలంటే 30 మిల్లీలీటర్లు. మొదలుపెట్టేవాళ్లకు అది చాలా ఎక్కువ. వారంపాటు పూర్తిగా ఆపండి. తర్వాత కావాలనుకుంటే చిన్న చెంచాడు, అంటే 5 మి.లీ., భోజనం మధ్యలో. మూడు నాలుగు రోజులు ఏమీ కాకపోతే ఇంకో చిన్న చెంచా. ఒక పూటకు 15 మి.లీ. దాటించకండి. అసలు కీటోసిస్ (ఒళ్లు చక్కెర బదులు కొవ్వునుంచి వచ్చే కీటోన్లతో నడిచే స్థితి) రావడానికి ఈ నూనె తప్పనిసరి కాదు. కార్బ్స్ తగ్గితే కాలేయం కీటోన్లను తనే తయారుచేస్తుంది. కొబ్బరినూనె, ఎంసీటీ నూనె ఒకటే అనుకునేవాళ్లూ ఉన్నారు. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండేది పన్నెండు కార్బన్ల లారిక్ ఆమ్లం, దాని తీరు వేరు.

సాయంత్రం దోషి చాక్లెట్. రేపరు తిప్పి పదార్థాల జాబితా చదవండి. మాల్టిటాల్, సార్బిటాల్, జైలిటాల్ వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఇవి షుగర్ ఆల్కహాల్స్. పేరులో ఆల్కహాల్ ఉన్నా మత్తుకు సంబంధం లేదు. చిన్నపేగు వీటిని సగంసగమే పీల్చుకుంటుంది. మిగిలినది పెద్దపేగుకు చేరి నీళ్లు లాగుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. 10 శాతానికి మించి ఇవి కలిపిన ఆహారం మీద "ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చు" అన్న హెచ్చరిక ముద్రించాలని యూరప్ నిబంధనే ఉంది. మాల్టిటాల్‌తో ఇంకో చిక్కు, అది రక్తంలో చక్కెరను కూడా కొంత పెంచుతుంది. కీటో కోసమే తింటున్నవారికి అది దండగ. వీటిలో ఎరిత్రిటాల్ తీరు వేరు. ఎక్కువ భాగం చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్లి మూత్రంలో బయటికి పోతుంది కాబట్టి విరేచనాలు తక్కువ. ఒకేసారి ఎక్కువ తింటే మాత్రం అదీ వికారం పెడుతుంది.

రెండూ ఒకేరోజు మానేస్తే బాధ తగ్గుతుంది గానీ ఏది ఎంత పడుతుందో తెలియదు. ముందు నూనె ఆపి మూడు రోజులు చూడండి, తర్వాత చాక్లెట్. మలబద్ధకం రాకూడదని మెగ్నీషియం ఆక్సైడ్ లాంటిది ఏమైనా మింగుతుంటే అదీ మూడో అనుమానితుడే.

విరేచనాలు ఎక్కువగా ఉన్నరోజున "ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ ఉంది, కీటో పోతుంది" అని మానేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరులో ఉండేది 13.5 గ్రాముల గ్లూకోజ్. పేగు ఉప్పును పీల్చుకోవాలంటే ఆ గ్లూకోజ్ ఉండాలి. కీటోసిస్ ఒకరోజు పోయినా తిరిగొస్తుంది.

ప్రశ్న: రోజుకొక్కసారే, రాత్రి తొమ్మిదికి తింటాను. కొవ్వు కోటా పూర్తికావాలని చివర్లో వెన్న కూడా తింటాను. పడుకోగానే ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. – ఒక పాఠకుడు

జవాబు: కొవ్వు ఎక్కువున్న భోజనం పొట్టలోంచి ఆలస్యంగా దిగుతుంది. అన్నవాహిక కింది కవాటాన్ని కూడా సడలిస్తుంది. నిండిన పొట్టతో పడుకుంటే ఆమ్లం పైకి రాక ఏం చేస్తుంది?

అసలు తప్పు "కోటా" అన్న మాటలో ఉంది. బరువు తగ్గడం కోసం కీటో చేసేవాళ్లకు కార్బ్స్ ఒక హద్దు, మాంసకృత్తులు ఒక లక్ష్యం. కొవ్వు ఆకలి తీరేంత వరకే. మిగతా కొవ్వు మీ ఒంట్లోంచే ఖర్చవ్వాలి, అందుకే కదా ఈ తంటా అంతా. మూర్ఛకు వైద్యంగా కీటో ఇచ్చే పిల్లలకైతే గ్రాముల లెక్క కచ్చితంగా ఉంటుంది. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ రస్సెల్ వైల్డర్ ఈ ఆహారాన్ని ప్రతిపాదించింది ఆ జబ్బు కోసమే. ఆ లెక్కను బరువు తగ్గేవాళ్లు అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఒక పూటను రెండు చెయ్యండి. రెండోది పడుకోవడానికి మూడు గంటల ముందే ముగియాలి. మంచానికి తలవైపు ఉన్న కోళ్ల కింద 15–20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. దిండ్లు పేర్చుకుంటే నడుము దగ్గర మడత పడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. మింగడం కష్టమైనా, మలం నల్లగా తారులా వచ్చినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరును కలవాలి. ఛాతీ బరువు ఎడమచేతికో దవడకో పాకితే, చెమటలు పడితే అది గ్యాస్ అనుకోవద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం రాళ్లు వచ్చి గాల్‌బ్లాడర్ తీసేశారు. ఇప్పుడు కీటో మొదలుపెడితే మలం జిడ్డుగా, తేలుతూ, ఫ్లష్ చేసినా అంటుకుని ఉంటోంది. నేను కీటో చెయ్యకూడదా? – ఒక పాఠకురాలు

జవాబు: చెయ్యకూడదని లేదు, అందరిలా మాత్రం చెయ్యలేరు. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా చేస్తుంది. గాల్‌బ్లాడర్ పని దాన్ని చిక్కబరిచి దాచి, కొవ్వు తిన్నప్పుడు ఒక్కసారిగా పేగులోకి వదలడం. మీకు ఆ ట్యాంకు లేదు. పైత్యరసం రోజంతా చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. ఒకే పూట 60–70 గ్రాముల కొవ్వు పడితే ఆ చుక్కలు చాలవు. అరగని కొవ్వు మలంలో జిడ్డుగా కనిపిస్తుంది.

ఆ కొవ్వునే పంచుకోండి. రోజుకు నాలుగైదు పూటలు, మొదట్లో పూటకు 20 గ్రాములు మించకుండా. నూనె ఒక పెద్ద చెంచాలో దాదాపు 14 గ్రాముల కొవ్వు ఉంటుంది, గుడ్డులో 5. దీన్నిబట్టి మీ పళ్లెం లెక్క మీకే తెలుస్తుంది. కార్బ్స్‌ను కూడా ఒకేసారి 20కి దించకుండా 80–100 దగ్గర ఆగి, రెండు వారాలు గమనించి ముందుకెళ్లండి. జిడ్డు కాకుండా ఆకుపచ్చగా నీళ్ల విరేచనాలవుతుంటే అది పేగులో పైత్యరసం ఎక్కువై వచ్చే వేరే ఇబ్బంది. దానికి కొలెస్టిరమిన్ లాంటి మందు డాక్టరు రాస్తారు.

తేలడం ఒక్కటే జబ్బు గుర్తు కాదు, గ్యాస్ ఉన్నా తేలుతుంది. జిడ్డు, అంటుకోవడం, భరించలేని వాసన మూడూ కలిసి మూడు వారాలు దాటితే పరీక్ష చేయించాలి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతో పాటే ఒంట్లోకి వెళ్లాలి. కొవ్వు బయటికి పోతుంటే అవీ పోతాయి.

గాల్‌బ్లాడర్ ఉన్నవాళ్లకూ ఒక మాట. వారానికి కిలోన్నర కంటే వేగంగా బరువు తగ్గితే కొత్తగా రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. ముందే రాళ్లుంటే, ఎక్కువ కొవ్వు తిన్నప్పుడు అది గట్టిగా ముడుచుకుని రాయిని దారిలోకి తోస్తుంది. కుడిపక్క డొక్క కింద మొదలై అరగంటకు పైగా తగ్గకుండా కుడి భుజం వెనక్కి పాకే నొప్పి అలవాటు పడాల్సిన నొప్పి కాదు. జ్వరం, కళ్లు పచ్చబడటం తోడైతే అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మూడో రోజు నుంచి తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం. ఉప్పు తగ్గిందని ఎవరో చెబితే రెండు చెంచాల ఉప్పు నీళ్లలో కలిపి తాగాను. పావుగంటలో విరేచనాలు. – ఒక పాఠకుడు

జవాబు: సలహా సరైనదే, మోతాదు తప్పింది. చిన్న చెంచా ఉప్పులో 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఆరోగ్యవంతులకు రోజంతటికీ చెప్పే హద్దు దాదాపు అంతే. దానికి రెట్టింపు ఒక్క గ్లాసులో ఖాళీ కడుపున పోస్తే రక్తం కంటే ఉప్పటి నీళ్లు పేగులోకి దిగి, తమతో పాటు ఇంకా నీళ్లు లాక్కుంటాయి. పావు చిన్న చెంచా ఉప్పు పెద్ద గ్లాసు నీళ్లలో, గంటసేపు గుటకలుగా. లేదా వేడి సూపులో. రోజుకు రెండుసార్లు చాలు, అదీ మొదటి వారం పది రోజులే. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఇది చెయ్యొద్దు. పొటాషియం టాబ్లెట్లు ఎవరూ సొంతంగా వేసుకోవద్దు. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో కూడా ఉండేది పొటాషియం క్లోరైడే.

ప్రశ్న: షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. కీటో మొదలుపెట్టిన వారానికి వికారం, కడుపునొప్పి, రెండుసార్లు వాంతి. షుగర్ చూస్తే 160 మాత్రమే. ఇది కీటో మొదట్లో తలనొప్పి, వికారాలతో వచ్చే కీటో ఫ్లూనే కదా? – ఒక పాఠకుడు

జవాబు: కాకపోవచ్చు. మీకు విడిగా కబురు పంపాం. ఇలాంటి స్థితిలో ఉన్న మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ మందులు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. అందుకే షుగర్ రీడింగు బాగానే కనిపిస్తూ, రక్తంలో కీటోన్లు, ఆమ్లం ప్రమాదస్థాయికి చేరిపోవచ్చు. దీని పేరు కీటోఅసిడోసిస్. ఈ మందులతో ఇలా జరుగుతోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే హెచ్చరించింది. కార్బ్స్ బాగా తగ్గిస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత వీటిలో ఏది ఉన్నా టాబ్లెట్ ఆపి అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లండి. వేసుకునే మందు పేరు, కీటో చేస్తున్న సంగతి రెండూ చెప్పండి, రక్తంలో కీటోన్లు చూడమని అడగండి. ఆహారపు కీటోసిస్‌లో అవి లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ మధ్య ఉంటాయి. మూత్రపు స్ట్రిప్ నమ్ముకోవద్దు, రక్తంలో ఎక్కువగా ఉండే కీటోన్ అయిన బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ను అది పట్టుకోదు.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు వాడేవాళ్లకు భయం ఇంకోవైపు, షుగర్ పడిపోతుంది. మోతాదు మార్చకుండా కీటో మొదలుపెట్టకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినవాళ్లు సొంతంగా ఈ జోలికి పోకపోవడమే మేలు.

ప్రశ్న: ఒకసారి మొదలుపెట్టి పొట్ట పాడై మానేశాను. మళ్లీ చెయ్యాలనుంది. ఈసారి ఎలా? – ఒక పాఠకురాలు

జవాబు: నెల రోజులు కేటాయించుకోండి. మొదటి వారం చక్కెర, తీపి పానీయాలు, బేకరీ సరుకు తీసేసి కార్బ్స్‌ను 120 గ్రాముల దగ్గరకు తేండి. అదే వారం ఆకుకూరలు, కూరగాయలు పెంచండి. ధాన్యం తీసేశాక కాదు, తీయకముందే. రెండో వారం 80, మూడో వారం 50. చాలామందికి అక్కడే ఫలితం కనిపిస్తుంది. ఇంకా కావాలంటే నాలుగో వారంలో 30కి దిగండి.

కూరగాయల్లోనూ ఎంపిక ఉంది. ఉబ్బరం మనిషైతే కాలీఫ్లవర్, పుట్టగొడుగులు, ఉల్లి, వెల్లుల్లి, అవకాడో తక్కువ తినండి. వీటిలోని కొన్ని చక్కెరలు పేగులో పులుస్తాయి. కీటోలో బియ్యం బదులు కాలీఫ్లవర్ తురుము గిన్నెలకొద్దీ తినేవాళ్ల గ్యాస్ రహస్యం చాలాసార్లు ఇదే. పాలకూర, దోస, గుమ్మడి జాతి కాయలు నెమ్మదివి. పాల చక్కెర పడనివాళ్లకు క్రీమ్ ఇబ్బంది పెట్టినా, బాగా మాగిన గట్టి చీజ్ సాధారణంగా పడుతుంది.

ఒక నోటుపుస్తకంలో మూడే గళ్లు గీయండి: ఏ పూట ఎంత కొవ్వు, కొత్తగా చేర్చింది ఏమిటి, మోషన్ ఎలా ఉంది. చివరి గడిలో వాక్యాలు అక్కర్లేదు, డాక్టర్లు వాడే బ్రిస్టల్ పట్టికలోని అంకె చాలు. 1, 2 అంటే గట్టి ఉండలు, 3 నుంచి 5 మామూలు, 6, 7 అంటే పలచన. మూడు రోజుల్లో ఒకే మార్పు చెయ్యాలి. రెండు చేస్తే పుస్తకం రాసీ ప్రయోజనం ఉండదు. ఎంసీటీ నూనె సీసా కొనేసి ఉంటే నాలుగో వారం దాకా దాని మూత తియ్యకండి.